లింగమయ్య కూత

లింగమయ్య కబడ్డీ కూతకు వెళ్లి పద్దెనిమిదేళ్లయింది. ఇంకా గుక్క తిప్పుకోలేదు.

గుండ్లపల్లె, ఊటపల్లెల మధ్య పగలు చల్లారాలని మండలాఫీసు పెట్టిన శాంతి పోటీ అది. స్కోరు సమానం. ఆఖరి కూతకు గుండ్లపల్లె తరఫున లింగమయ్య వెళ్లాడు. కూత ఆగితే ఎవరో ఒకరు ఓడిపోతారని, ఓడినవాళ్లు వేటకొడవళ్లు తెస్తారని గీత దాటాక ఆయనకు తట్టింది. అందుకని ఆపలేదు. అప్పటినుంచి రెండూళ్లలో ఒక్క తల తెగలేదు. ఆఫీసువాళ్లు ఆయన్ని 'నిరంతర శాంతి ఏర్పాటు' కింద నమోదు చేసుకున్నారు.

నిలబడింది ఊటపల్లె వైపు కనుక సంగటి పెట్టడం ఆ ఊరి ఆడవాళ్ల వంతు.

"మింగుతానే కూత పెట్టు లింగమయ్యా! నువ్వు ఆపితే మా మొగోళ్లకు పని తగులుతాది," అనేవాళ్లు.

కొడవళ్లను పంచాయతీ గదిలో పెట్టి, ఊరికొకటి చొప్పున రెండు తాళాలు వేశారు. తుప్పు పట్టకూడదు కదా, ఏటా ఆయుధపూజకు తీసి, నూరి, బొట్టు పెట్టి మళ్లీ లోపల పెడతారు.

కూతురు నాగరత్న పోటీ మొదలైన నెలకు పుట్టింది. నాయన నోట 'కబడ్డీ' తప్ప మరో మాట వినలేదు. రోజూ గీత పక్కన కూర్చుని వినేది. జ్వరమొస్తే ఆ కూత సన్నబడేది, వానకు బరువెక్కేది. అదే గొంతులో తన పేరు ఎట్లా ఉంటుందో!

ఈ మాఘంలో కూత బొంగురుపోయింది. నెలకు మించి నిలవదని డాక్టరు రాశాడు. రెండూళ్లవాళ్లూ తాళాలకు నూనె వేశారు.

క్రీడాధికారి రంగస్వామి దరఖాస్తు తెచ్చాడు.

"కారుణ్య నియామకమమ్మా. నీకు పద్దెనిమిది నిండినాయి."

"నేను కూత అందుకుంటే మా నాయన ఆపొచ్చునా సార్?"

"ఆపొచ్చు. నడుమ సందు మాత్రం ఉండగూడదు."

"ఆపినాక మాట్లాడతాడా?"

"దిగిపోయినోళ్ల మాటలకు నిబంధనలు ల్యావులేమ్మా."

నాగరత్న సంతకం పెట్టింది.

సోమవారం పది గంటలకు గీత దాటింది. కాసేపు తండ్రీ కూతుళ్లు కలిసి కూత పెట్టారు. తర్వాత లింగమయ్య ఆగాడు. ఊపిరి పీల్చుకుని, పెదాలు తుడుచుకుని, కూతురి వైపు చూశాడు.

"నాగరత్నా," అన్నాడు.

ఆమె ఊహించినదానికంటే మెత్తటి గొంతు. "ఏం నాయనా" అని పలకాలనిపించింది. రెండూళ్లూ ఆమె నోటివైపే చూస్తున్నాయి.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ," అంది.

రంగస్వామి సమయం రాసుకున్నాడు. కింద వారసుల గడి ఖాళీగా కనిపించింది. ఒక్క క్షణం ఆలోచించి, 'పుట్టవలసి ఉంది' అని నింపాడు.