పరుశురాం ఫైనల్

ఆ సోమవారం పొద్దున పరుశురాం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. చీరలు అచ్చేసే పాండేసర మిల్లులో ఎనిమిదింటికి నైట్ షిఫ్టు దిగాలి. డిజైన్ రూములో కంప్యూటర్ పని చేసే నరేశ్ చేత రెజ్యూమే టైపు చేయించి, కిమ్ ఊరి అవతల ఉన్న లిగ్నైట్ బొగ్గు గని ఆఫీసుకు పంపించాలి. ఇంటికి పోయి పడుకోవాలి.

గని మీద అతనికి ప్రత్యేకంగా మోజేమీ లేదు. ఆశంతా అక్కడి ఎనిమిది గంటల పగటి షిఫ్టు మీదే. పదేళ్లుగా అతను రాత్రంతా మిల్లు బాయిలర్‌లో బొగ్గు వేస్తున్నాడు. వడోద్‌లోని గదికి చేరేసరికి, భార్య కరుణ చీరలకు మెరిసే స్టోన్లు అంటించే కార్ఖానాకు బయలుదేరుతుంది. ఆమె తిరిగొచ్చేసరికి ఇతను మిల్లులో ఉంటాడు. పెళ్లయి నాలుగేళ్లయినా, సెలవు రోజు తప్ప ఇద్దరూ కలిసి కూర్చొని అన్నం తిన్నది లేదు. 

"రెజ్యూమే అంటే జబర్దస్తుండాలె అన్నా. గనుల అయిదేండ్లు చేసిన అని రాద్దాం," అన్నాడు నరేశ్.

"తవ్వింది లేదు, ఎత్తింది లేదు. అబద్ధమెందుకురా? నేను ఏసిన బొగ్గు సంగతి రాయి. పచ్చిదేదో, ఎండిందేదో చెయ్యి వెట్టి చెప్త. పదేండ్లల్ల ఒక్క ప్రమాదం గాలే. గంతే."

నరేశ్ నిట్టూర్చి అంతే ఇంగ్లీషులో రాశాడు. పైన పేరు, ఫోన్ నంబరు పెట్టాడు. గనికి మెయిల్ చేసి, ఇక మార్చేదేమీ లేదు కదా అని కంప్యూటర్లో చీరల డిజైన్ల పక్కనే 'పరుశురాం ఫైనల్' అనే పేరుతో దాచాడు.

ఆ మిల్లులో ఒక పద్ధతుంది. డిజైన్ పేరు చివర ఫైనల్ అని ఉంటే యజమాని సేటు ఒప్పుకున్నట్టే. మళ్లీ ఎవరూ ఎవరినీ అడగరు. మధ్యాహ్నం డ్యూటీ ఎక్కిన ప్రింటింగ్ మాస్టర్ ఓంప్రకాష్ ఫైనల్ అన్న మాట చూశాడు, పొద్దున నడిచిన లేత గులాబీ రంగును అలాగే ఉంచాడు, మీట నొక్కాడు. అతనికి ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషు అక్షరాల చీరలు బాగా పోతున్నాయని మాత్రం తెలుసు. సాయంత్రానికి రెండు వందల చీరలు తయారయ్యాయి. ఒక్కో చీర మీద పరుశురాం రెజ్యూమే పదకొండు సార్లు ఉంది.

మరుసటి వారం కార్ఖానా నుంచి కరుణ ఫోన్ చేసింది.

"ఏందయ్యా గిది? నీ పేరు, నీ నంబరు చీర మీదికెట్ల వచ్చినయి?"

"ఏ చీరే?"

"ఏ చీరనా? నలభై చీరలు నా ముంగటున్నయి. కడమయి బజార్ల వడ్డయట. ఆడోళ్ల నడుముల మీద నా మొగని నంబరా? నేనూకుంటనా?"

ఊరుకోలేదు. అంచుకు అంటించాల్సిన స్టోన్లను ఒక్కో అంకె మీద అంటించి, నలభై చీరల్లోనూ నంబరు కనపడకుండా చేసింది.

బజార్లో పడ్డ నూట అరవై మాత్రం మోగడం మొదలుపెట్టాయి. తన పెళ్లాం కొంగు మీద నీకేం పని అని జల్‌గావ్ నుంచి ఒకాయన తిట్టాడు. ఇంకొకాయన టోకు ధర అడిగాడు. ఒక పెద్దావిడ రంగు వెలుస్తుందా అంటే, పరుశురాం పాపం చల్లనీళ్లలో ఉతకమని సలహా కూడా ఇచ్చాడు. నాలుగో రోజుకి విసిగి ఫోన్ ఆపేశాడు. గని వాళ్లు పిలిస్తే ఆ ఫోన్‌కే పిలవాలన్న సంగతి తర్వాత గుర్తొచ్చినా, మళ్లీ ఆ తిట్లు వినే ఓపిక లేక అలాగే వదిలేశాడు.

రెండు వారాలకు సేటుకు తెలిసింది. నా బట్ట మీద నీ ప్రచారమా అని చిందులేసి, రేపటి నుంచి పనిలోకి రావొద్దన్నాడు. కొత్త పని రాలేదు, పాతది పోయింది. పరుశురాం గదిలో గోడకానుకుని కూలబడ్డాడు.

"ఫోన్ ఆపుకుంటే ఆపుకున్నవు. కాళ్లున్నయి గద?" అంది కరుణ. "నువ్వే పోయి అడుగు."

మర్నాడు కిమ్‌లో రైలు దిగి, ఆటో పట్టుకుని గని ఆఫీసుకు చేరాడు. అతని పేరు వినగానే మేనేజర్ లోపలికి రమ్మన్నాడు.

"నాలుగు రోజులుగా ఫోన్ చేస్తున్నాం. ఎక్కడికి పోయావు?" అంటూ తన ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. అందులో ఆయన భార్య అదే గులాబీ రంగు చీర కట్టుకుని నవ్వుతోంది.

 పరుశురాం తల దించుకుని జరిగిందంతా చెప్పాడు. "నేనేం జెయ్యలే సాబ్. పేరు ఎనుక ఫైనల్ అని వెట్టిన్రు, గంతే."

"మూడు వందల రెజ్యూమేలొచ్చాయి. నిమిషం చూసి పక్కన పెట్టాం. నీదీ పెట్టాం. మా ఆవిడ మాత్రం రెండు పెళ్లిళ్లకు ఈ చీరే కట్టింది. భోజనాల దగ్గర ఆవిడ వెనకే నిలబడి పదకొండు సార్లూ చదివాను. ఒక్క అబద్ధం దొరకలేదు." ఆయన బల్ల మీది బొగ్గుపెళ్ల ముందుకు తోశాడు. "ఇది చెప్పు."

పరుశురాం దాన్ని విరిచి వేలితో తడిమాడు. "వానకు తడిసింది సాబ్. పైన ఆరింది గని, లోపట పచ్చిగనే ఉంది. బాయిలర్ల ఏస్తే పొగ తప్ప మంట రాదు."

మేనేజర్ తలూపాడు. "సరే, నంబరు మీద ఈ రాళ్లేమిటి?"

"మా ఇంటామె అంటించింది సాబ్."

"మా ఆవిడ చీర కొన్నదే ఆ రాళ్లు చూసి. సోమవారం నుంచి పగటి షిఫ్టుకు వచ్చెయ్."

సోమవారం సాయంత్రం ఏడింటికల్లా ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, పరుశురాం రెండు కంచాలు పెట్టాడు.  కరుణ మాత్రం గది నిండా గులాబీ చీరలు పరుచుకుని కూర్చుంది. స్టోన్ల నంబరు చీర బజార్లో ఇట్టే అమ్ముడైపోతుంటే, సేటు కోపం మరిచి మరో అయిదు వేలు కొట్టించాడట.

"జర ఆగయ్యా. పొద్దుగాల్ల వరకు ఇరవై ఇయ్యాలె."

పరుశురాం కంచాలు పక్కకు జరిపి, ఆమెకు ఆనుకుని కూర్చున్నాడు. జిగురు అందుకుని తన నంబరు మీద తనే స్టోన్లు అంటించసాగాడు. అన్నం చల్లారిపోయింది కానీ ఇద్దరూ కలిసే తిన్నారు.

అతనికి ఉద్యోగం దొరికిన సంగతి ఆ అయిదు వేల చీరలకు మాత్రం ఎవరూ చెప్పలేదు.