మావగారి జపాను వాచీ

ఆ రోజుతో చేపల వేట నిషేధం అయిపోతుంది. అరవై ఒక్క రోజులుగా నరసాపురం రేవులో కట్టేసి ఉన్న బోట్లన్నీ మర్నాడు తెల్లవారుజామునే సముద్రం మీదికి పోతాయి. అందుకని ఆ ఉదయం వీరబాబు పెట్టుకున్న పని ఒక్కటే. బీరువాలోంచి మావగారి జపాను వాచీ తీసి, తుడిచి, చేతికి పెట్టుకుని, వీధిలో నలుగురికీ కనబడేలా అటూ ఇటూ తిరిగి రావడం.

ఆ వాచీ అలాంటిలాంటిది కాదు. మావగారు రాముడు ముప్ఫై ఏళ్ల కిందట విశాఖ హార్బరులో ఓ ఓడ మనిషి దగ్గర కొన్నాడు. అది ఎవరి చేతికుంటే ఆ ఇంటి బోటుకి వాళ్లే సరంగు, చుక్కాని వాళ్లదే. పదేళ్లుగా అదే బోటులో ఇంజను మెకానిక్కుగా మసి పూసుకుంటున్న వీరబాబుకి మోకాళ్లు అరిగిపోయిన మావగారు ఈ ఏడే ఆ మాట అన్నాడు. "ఈసారి వేట నుంచి నువ్వు పెట్టుకోరా అల్లుడూ. దానికేమైనా అయిందో, చుక్కాని మా అన్న కొడుకు శ్యాంబాబుకిచ్చేస్తాను."

తీసి చూస్తే వాచీ ఆగిపోయి ఉంది.

వీరబాబు కంగారుగా దాని పక్కనున్న మర తిప్పాడు. ఎంత తిప్పినా కీ ఎక్కలేదు. ఊపితే లోపల ఏం రాలిపోతుందోనని పచ్చి బాలింత బిడ్డను పట్టుకున్నట్టు కదలకుండా పట్టుకున్నాడు. ఆరు సిలిండర్ల ఇంజను విప్పి బిగించిన తనకి ఇదో లెక్కా అనుకుని, ఫోనులో ఓ వీడియో పెట్టుకుని, వెనక మూత తీశాడు. లోపల అరచందమామలాంటి బరువైన రేకు ఒకటి ఎటు పడితే అటు తిరుగుతోంది. "ఇదే లూజైపోయింది!" అనుకున్నాడు. బిగించడానికి ముందు విప్పాలి కదా. విప్పాడు. దాని కిందది కూడా విప్పాడు. రెండు కాళ్ల సన్నటి కొక్కెం ఒకటి టింగుమని ఎగిరి, పక్కన భార్య ఉషారాణి అల్లుతూ వదిలి వెళ్లిన లేసు కుప్పలో పడింది.

ఉషారాణి వంటింట్లో ఉంది. ఆమె వచ్చేలోపు లేసులు పోగుచేసే లావణ్య గుమ్మంలోకి వచ్చి, పూర్తయిన కట్టలు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. బల్ల కింద దూరి కొక్కెం వెతుకుతున్న వీరబాబు తల బయటికి పెట్టేసరికి కుప్పలో మిగిలింది అల్లిక సగమైన ముక్క ఒక్కటే. దాన్ని అతను చూడనైనా చూడకుండా, కొక్కెం లావణ్య సంచిలోకే పోయిందని రేవుకి పరిగెత్తాడు.

లావణ్య అప్పటికే మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించి సఖినేటిపల్లి చేర్చే పంటు ఎక్కేసింది. వీరబాబు ఆఖరి క్షణంలో దానిమీదికి దూకాడు.

"లావణ్యా, ఆ సంచి ఓసారి విప్పమ్మా."

"ఎందుకన్నయ్యా?"

వాచీ మాట బయటపడితే కొంప మునుగుతుంది. అందుకని నోటికొచ్చింది అనేశాడు. "లేసులో చిన్న గాలం పడింది."

"గాలమా! ఇవి పసిపిల్లల గౌన్లకండీ బాబూ!" అని లావణ్య గొల్లుమంది. పంటు మీదే సంచి బోర్లించింది. సాయానికొచ్చిన ఆడవాళ్లు తలో లేసూ పట్టుకుని దులిపారు. దులిపితే గాలం ఎక్కడ పడుతుంది? కింద. కింద అందరివీ ఉత్తి కాళ్లే. ఒకావిడ మోటారుసైకిలెక్కి నిలబడింది. కొబ్బరికాయల వ్యానులోకి ఏడుగురు ఎక్కారు. అవతలి ఒడ్డు వచ్చినా ఒక్కరూ కాలు కింద పెట్టలేదు. ఎక్కాల్సినవాళ్లు ఒడ్డున నిలబడి తిట్టడం మొదలుపెట్టారు.

"గాలం పడేసిన వెధవెవడ్రా?" అంటూ వ్యాను మీంచి ఓ గొంతు వినిపించింది. కొత్త మోకుతాళ్ల కోసం బయల్దేరిన మావగారు రాముడు, అరిగిపోయిన మోకాళ్లతో కొబ్బరికాయల మీద కూర్చుని ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే వీరబాబు ఫోను మోగింది. కంగారులో స్పీకరు నొక్కేశాడు.

"ఏంటయ్యా, నా సగం లేసులో రెండు కాళ్ల ఇనప ముక్కొకటి ఇరుక్కుంది. మా నాన్న వాచీలోదేనా?" అంది ఉషారాణి పంటంతా వినేలా.

ఇక దాచేదేముంది? వీరబాబు తల వంచుకుని, మర తిప్పడం దగ్గర్నుంచి జరిగిందంతా చెప్పేశాడు. చుక్కాని శ్యాంబాబుకి పోయినట్టే అనుకున్నాడు. పదేళ్ల ఆశ మరి. మావగారు ఫోనుకి వినబడేలా, వాచీ ముక్కలన్నీ మూటగట్టుకుని నరసాపురం బజారుకి రమ్మని కూతురికి కేకేసి చెప్పాడు. "పద, యెహెజ్కేలు దగ్గరికి" అన్నాడు అల్లుడితో.

బజార్లో వాచీలు బాగుచేసే యెహెజ్కేలు కంటికి భూతద్దం పెట్టుకుని లోపలికి చూసి నవ్వాడు. "దీనికేం రోగం లేదు బాబూ. ఇది ఆటోమేటిక్. కీ ఇచ్చే పనే లేదు. చెయ్యి కదిలితే ఈ రేకు తిరుగుద్ది. అటు తిరిగినా ఇటు తిరిగినా ఈ కొక్కెం ఒక కాలితో లాగి, ఒక కాలితో నెట్టి స్ప్రింగు చుడతాది. రెండు నెలలు బీరువాలో పెడితే ఆగిపోదూ మరి?"

"ఇంజను స్టార్టవకపోతే ముందేం చూస్తావురా అల్లుడూ?" అన్నాడు మావగారు.

"డీజిలుందో లేదోనండి."

"దీని డీజిలు నీ చెయ్యేరా!"

అయితే చిక్కొచ్చిపడింది. పాత నూనె తుడిచి, సూదిమొనంత కొత్త నూనె పెట్టడం దాకా యెహెజ్కేలు ఎలాగో లాక్కొచ్చాడు గానీ, కొక్కెం దగ్గరికొచ్చేసరికి ముసలి చేతులు వణికాయి. మూడుసార్లు జారింది. "నావల్ల కాదండీ" అన్నాడు దిగులుగా. కొక్కెం తెచ్చిన ఉషారాణి ఆ భూతద్దం తీసుకుని, లేసు అల్లే సూదితో దాన్ని ఒక్క పోటున చోట్లో కూర్చోబెట్టింది. యెహెజ్కేలు నోరు తెరిచి చూశాడు. "అమ్మాయ్, మధ్యాహ్నాలు ఓ గంట వచ్చి కూర్చో. నాకొచ్చిందంతా నేర్పిస్తాను" అన్నాడు. ఉషారాణి మొహం వెలిగిపోయింది.

మూత బిగించి ఊపగానే వాచీ నడిచింది. వీరబాబు ప్రాణం లేచొచ్చినట్టు చెయ్యి చాపాడు.

"చుక్కాని నీదేరా. తప్పు నలుగురిలో ఒప్పుకున్నావు, సముద్రం మీద ఆ గుణం కావాలి" అన్నాడు మావగారు, వాచీని మాత్రం కూతురి చేతికి కడుతూ. "వేటకి రెండు నెలలు సెలవుంది గానీ, లేసుకి లేదు. ఇది ఈ చేతికుంటే ఇక ఆగదు."

మర్నాడు బోటు సరిగ్గా నాలుగింటికి బయల్దేరింది. సరంగు గారికి టైము ఒడ్డు మీంచి భార్య కేకేసి చెప్పింది.