పెద్దాయనకు కొన్న ఎండ

ఆ ఆదివారం పొద్దున గచోకికి ఉన్నవి మూడే పనులు. పెద్దాయనకు ఎండకు బదులుగా కొన్న వేడి దీపం వెయ్యాలి, ఆకుల మీద నీళ్లు చిలకరించాలి, మిడతలకు కాల్షియం పొడి పులిమి తినిపించాలి. పెద్దాయన అంటే మూడు కొమ్ముల ఊసరవెల్లి. కూతురు కరిమి కాలేజీకి వెళ్తూ అప్పగించి పోయింది. కెరుగోయా కొండల్లో ఊసరవెల్లి కనబడితే అపశకునమని మగవాళ్లు కూడా దారి మార్చుకుంటారు. గచోకి మాత్రం ఏడాదిగా దానితోనే కబుర్లాడుకుంటున్నాడు.

భార్య వంజీరా హడావుడి వేరు. "కరిమి నాన్నా, ఇవాళ సంఘం ఆడవాళ్లు టీకి మనింటికే వస్తున్నారు. ఆ దెయ్యాన్ని దాచెయ్. వాళ్ల కంట పడిందా, మళ్లీ మన గడప తొక్కరు!"

"దెయ్యం అనకే, వింటుంది."

అతను పంజరాన్నీ దీపాన్నీ పడగ్గదిలో పెట్టి తలుపు మూశాడు. పొడి డబ్బా వంటింట్లోనే మరిచాడు.

సంఘం ఆడవాళ్లలో సాయానికి ముందే వచ్చిన మిచేరె, టీలోకి నూనెలో పొంగించే మందాజీల పిండి కలుపుతూ, ఆ తెల్లపొడిని సోడా అనుకుని రెండు చెంచాలు వేసేసింది. మందాజీలు పొంగితే ఒట్టు. అయినా మర్యాద కొద్దీ అందరూ నమిలి మింగారు. అప్పుడు మిచేరె తీరిగ్గా డబ్బా తిప్పి చూసింది. దాని మీద ఊసరవెల్లి బొమ్మ ఉంది.

"ఓసి వంజీరా! ఊసరవెల్లిని ఎండబెట్టి దంచావుటే?"

గచోకి పరుగెత్తుకొచ్చాడు. "అయ్యో, అది ఊసరవెల్లి పొడి కాదమ్మా! ఊసరవెల్లికి పెట్టే పొడి!"

"అంటే... ఇంట్లో ఊసరవెల్లి ఉందా?"

ఇంకేముంది, కప్పులు ఎగిరాయి, బల్ల తిరగబడింది. వీధిగుమ్మం కిక్కిరిసిపోతే ఒకావిడ పడగ్గదిలోకి దూరింది. అక్కడ కొమ్ములు చూసి గావుకేక పెట్టి, పంజరాన్ని తన్నేసి, కిటికీలోంచి దూకింది. ఆమె వెనకే పెద్దాయన కూడా, ఏ తొందరా లేకుండా, అదే దారిన బయటికి నడిచాడు.

మధ్యాహ్నానికి గచోకి అతన్ని కంచె మీద కనిపెట్టాడు. ఎండలో ఒళ్లంతా నిగనిగలాడే ఆకుపచ్చ. పంజరంలో ఆ రంగు ఏనాడూ చూడలేదు. పట్టుకుందామని చాచిన చెయ్యి సగంలో ఆగిపోయింది. నెత్తిన ఇంత ఎండ పెట్టుకుని, వీడికి ఏడాది పాటు దీపం చూపించానే అనుకుంటూ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

భయంభయంగా కూతురికి ఫోన్ చేశాడు. "అమ్మా, పెద్దాయన కంచెక్కాడు. మళ్లీ పట్టి తేవడానికి మనసొప్పడం లేదు. నీకేమో మాటిచ్చాను..."

కరిమి అసలు సంగతి చెప్పింది. "వెళ్లేముందే వదిలేద్దామనుకున్నా నాన్నా. అమ్మ ఎప్పుడూ సంఘం పనుల్లో ఉంటుంది, నువ్వు ఎవరితో మాట్లాడతావని ఆగాను."

గచోకి ఫోన్ పెట్టేసి కంచె వైపు చూశాడు. కూతురి కోసమని తను, తన కోసమని కూతురు దాన్ని పంజరంలో ఉంచారు. మధ్యలో పెద్దాయన్ని అడిగినవాళ్లే లేరు.

దీపం వంజీరా కోడిపిల్లలకు పోయింది. గచోకి మాత్రం రోజూ పొద్దున్నే కబుర్లు చెబుతూ కంచెకు నీళ్లు చిలకరిస్తున్నాడు, వాన పడుతున్నా సరే.