ఒక పూట స్వెటర్, ఒక పూట ఫ్యాన్

చలి పోయీపోని, ఎండ వచ్చీరాని ఈ రోజుల్ని తిట్టేవాళ్ళందరినీ పట్టుకుని ఆరుబయట ఓ గంటసేపు నిలబెట్టాలి! ఆ గంటలోనే వణికి, చెమట పట్టి, తడిసి, ఆరి, బుద్ధి తెచ్చుకుని ఇళ్ళకు వెళ్తారు.

నేనడుగుతాను, ఈ వాతావరణం మీకేం అన్యాయం చేసింది? పొద్దున స్వెటర్ తొడిగించింది. మధ్యాహ్నం అదే స్వెటర్ నడుముకు కట్టించింది. సాయంత్రం నెత్తిన కప్పించింది. ఒక్క బట్టతో ఇన్ని పనులు చేయించే కాలం ఇంకోటుందా?

మా ఆఫీసునే తీసుకోండి. ఏడాది పొడుగునా ఫైళ్ళ వెనక కునికిపాట్లు పడే మా సెక్షన్ ఈ రోజుల్లోనే మేలుకుంటుంది. క్యాషియర్ లేచి ఫ్యాన్ వేస్తాడు. టైపిస్టమ్మ లేచి ఆపేస్తుంది. క్యాషియర్ మళ్ళీ లేస్తాడు. ఇంత వ్యాయామం ఏ జిమ్‌లో చేయిస్తారండీ? మేనేజర్ గారైతే మొన్న కిటికీ తీయించి, మూయించి, మళ్ళీ తీయించి, "అసలీ కిటికీ ఎవరు పెట్టించారయ్యా!" అని విచారణకు ఆదేశించారు. మా ఆఫీసులో ఒక పని అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు.

గొడుగు పట్టుకెళ్తే ఎండ, ఇంట్లో వదిలేసి వెళ్తే వాన. అంటే ఆకాశం మన గొడుగు మీద ఓ కన్నేసి ఉంచిందన్నమాట. మనల్ని అంత శ్రద్ధగా గమనించేవాళ్ళు ఈ లోకంలో ఇంకెవరున్నారు? ఇక ఫోన్‌లో వాతావరణం చెప్పే యాప్! అది వాన అన్న రోజు నేను ధైర్యంగా దుప్పట్లు ఆరేస్తాను. అబద్ధమైనా సరే, అంత నిలకడగా చెప్పేది దొరకడం అదృష్టం కాదూ?

ఈయనకు జలుబు నెత్తికెక్కింది అనుకుంటున్నారు కదా? కాదు. అసలు సంగతి చెప్తాను, వినండి.

మేం కింద వాటాలో ఉంటాం. పై వాటాలో నా మరదలు, తోడల్లుడు. డాబా మీద బట్టలారేసే తీగ రెండిళ్ళకీ ఒక్కటే. మొన్న చలికాలంలో మా ఆవిడ రాత్రనకా పగలనకా కూర్చుని చెల్లెలికి స్వెటర్ అల్లింది. మరదలు అది తొడుక్కుని, అందరి ముందూ చేతులు చాచి, "అక్కా, ఒక చెయ్యి పొడుగైందే!" అని పకపకా నవ్వింది.

"అది పొడుగవలేదు. నీ చెయ్యే పొట్టి," అంది మా ఆవిడ.

అంతే, మాటలు బంద్! మెట్ల మీద ఎదురైతే ఒకరు గోడ చూస్తారు, ఇంకొకరు నేల చూస్తారు. తోడల్లుడితో నా సాయంత్రం క్యారమ్స్ కూడా రద్దయిపోయింది. మా ఆవిడ ఊలు సూదులు డబ్బాలో పెట్టి మూత బిగించేసింది. పైనుంచి చెల్లెలి నవ్వు వినిపిస్తే టీవీ సౌండ్ పెంచుతుంది. వినిపించకపోతే, "పైన చప్పుడే లేదు, ఒంట్లో బాగుందో లేదో," అని నాతో కాదు, గోడతో అంటుంది. నాకు నిజంగా దిగులేసేది.

అదిగో, అప్పుడొచ్చింది ఈ వాతావరణం! మబ్బు పట్టగానే ఇంట్లో ఎవరుంటే వాళ్ళు డాబా మీదికి పరిగెత్తాలి. చినుకులు పడుతుంటే ఏ దుప్పటి ఎవరిదని చూస్తారా? అందినవన్నీ లాక్కొచ్చేయడమే. తర్వాత అవతలివాళ్ళవి అప్పగించాలి. మొదట్లో మా ఆవిడ నన్ను పంపేది. తర్వాత తనే వెళ్ళి తలుపు ముందు పెట్టి వచ్చేది. ఆ తర్వాత మడతలు పెట్టి మరీ! "వానొస్తోంది!" అని పైనుంచి ఓ కేక వినిపించేది. అందులో వరసా లేదు, పిలుపూ లేదు, అయినా కేకే కదా! "తీశాలే!" అని కిందనుంచి జవాబు వెళ్ళేది. ఇంకో నాలుగు జల్లులు కురిస్తే "అక్కా" అని కూడా వచ్చేస్తుందని ఆశపడ్డాను.

సరిగ్గా అప్పుడే ఆకాశానికి బుద్ధొచ్చేసింది. వరసగా ఎండలు! "ఇక చలీ లేదు, వానా లేదు. స్వెటర్లన్నీ అటకెక్కించండి," అంది మా ఆవిడ. వాటితో పాటు రాజీ కూడా అటకెక్కితే, వచ్చే చలికాలం దాకా దాన్ని దింపేదెవరు?

ఆదివారం మధ్యాహ్నం యాప్ చూశాను. చిరుజల్లులట! బయట మచ్చుకైనా మబ్బు లేదు. బకెట్ నిండా నీళ్ళు పట్టుకుని పిల్లిలా డాబా ఎక్కాను. తీగ నిండా రెండిళ్ళ బట్టలు. ఒక్క విసురు విసిరి, "వానొచ్చింది!" అని అరిచాను.

"వానొచ్చింది!" అని ట్యాంకు వెనకనుంచి ఇంకో గొంతు కూడా అరిచింది. చూస్తే నా బకెట్ నీళ్ళకు నిలువునా తడిసిన మా తోడల్లుడు, చేతిలో నీళ్ళ పైపు. ఆ నీళ్ళు తిన్నగా నా మొహానికి తగిలాయి.

"అన్నయ్యా, మీరు కూడానా!" అన్నాడు, పైపు దించడం మరిచిపోయి.

అక్కాచెల్లెళ్ళిద్దరూ పరిగెత్తుకొచ్చారు. ఆకాశం చూశారు. తడిసి ముద్దయిన మమ్మల్ని చూశారు. అప్పుడు మా ఆవిడ చూపు తీగ మీద ఆగిపోయింది. దుప్పటి చాటున ఆ స్వెటర్, నీళ్ళోడుతూ.

"ఇదెందుకు ఉతికావు?"

"మాసిందని."

"మాసేదాకా తొడుక్కున్నావా?"

"చలేస్తే ఏం చెయ్యను మరి?" మరదలు తల దించుకుంది. "రోజూ పొద్దున్నే వేసుకుంటున్నా. ఆ పొడుగు చేత్తోనే టీ గ్లాసు పట్టుకుంటా. చెయ్యి కాలదక్కా."

మా ఆవిడ ముక్కు ఎగబీల్చింది. "ఊలు ఇలా నీళ్ళోడుతూ వేలాడదీస్తారటే? రెండో చెయ్యి కూడా సాగిపోతుంది!"

"సాగనీ అక్కా. రెండూ సమానమవుతాయి."

ఇద్దరూ నవ్వారు. కళ్ళు తుడుచుకున్నారు. ఆ వెంటనే మా మీద పడ్డారు. "ఉతికిన బట్టల మీద బకెట్లతో నీళ్ళా! బుద్ధుందా మీకు?" అని ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకున్నారు. తిట్లు అంత కమ్మగా ఉంటాయని నాకప్పటిదాకా తెలీదు.

పాఠక మహాశయులారా, ఇప్పుడు చెప్పండి, ఎవర్ని తిట్టాలి? ఆకాశం టీ చల్లారేలోగా మనసు మార్చుకుంటుంది. ఎవరేమనుకుంటారోనని చూసుకోదు, ముందు ఎవరు తగ్గాలని పంతానికి పోదు. నిలకడ ఎక్కువైంది మనకే! ఒక్క మాట పట్టుకుని ఒక కాలమంతా బిగుసుక్కూర్చోగలం.

ఆ యాప్ చెప్పింది నిజమవడం అదే మొదలు. ఇప్పుడు మా తోడల్లుడికి జ్వరం, నాకు జలుబు. క్యారమ్ బోర్డు పక్కన ఆవిరి గిన్నె పెట్టుకుని ఆడుతున్నాం. పైనుంచి అక్కాచెల్లెళ్ళ నవ్వు పకపకా వినిపిస్తోంది. మా గురించే అయ్యుంటుంది.