మా నగిస ప్రతిభ, నా బ్రష్షు

నవ్వకుండా వింటానంటేనే చెబుతాను. వెనకాల నవ్వుకుంటే నాకు అభ్యంతరం లేదు.

మా అమ్మాయి నగిస ఏప్రిల్లో హైస్కూల్లో చేరింది. చేరిన రోజే బడి నుంచి ఒక కాగితం తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. ఏ క్లబ్బులో చేరేదీ నెలాఖరులోగా రాసిమ్మని దాని సారాంశం. కింద ముప్పై రెండు పేర్లున్నాయి. టెన్నిసు, కత్తిసాము, బాకాల మేళం, టీ కాచడం, ఇంకా ఏవేవో.

"ఏం రాస్తున్నావమ్మా?" అన్నాను.

"ఏదో ఒకటి" అంది నగిస, అన్నం గిన్నెలోంచి తలెత్తకుండా.

మూడేళ్ల కిందట వాలీబాల్లో చేరి రెండు నెలలకే ఏడుస్తూ మానేసినప్పటి నుంచి దేనికైనా ఆ పిల్ల జవాబు అదే. పైగా ఈ మధ్య రోజూ పొద్దున్నే లేచి, పెరటి గోడకి మొహం పెట్టుకుని ఒక్కతే గొంతుక్కూర్చుంటోంది. నా మీదో లోకం మీదో అలిగిందనుకున్నాను.

ఆ రాత్రి మా ఆవిడ చిజురుతో గట్టిగా చెప్పాను. "దానిలో ఏదో ప్రతిభ ఉంది. దానికే తెలియడం లేదు. నేను కనిపెడతాను."

"మీరా?"

"నేనే. ఇరవై రెండేళ్లుగా పోస్టాఫీసులో పనిచేస్తున్నాను. పార్సిలు చేత్తో ఎత్తి చూస్తే లోపల ఏముందో చెప్పేస్తాను. సొంత కూతురి లోపల ఏముందో చెప్పలేనా?"

"పార్సిలు మీద లోపలున్నదేమిటో రాసే ఉంటుంది కదండీ" అంది చిజురు.

"బడి రోజుల్లో నేను బేస్‌బాల్ జట్టులో మూడేళ్లున్నాను, తెలుసా?"

"ఆ మూడేళ్లూ బెంచీ మీదే ఉన్నారని మీ అమ్మగారు చెప్పారు. అది కూడా ప్రతిభే లెండి. అంతసేపు అందరూ కూర్చోలేరు."

ఇలాంటి ఇంట్లో ప్రతిభ బయటికి రమ్మంటే ఎలా వస్తుంది?

మర్నాడే పరీక్షలు మొదలుపెట్టాను. మొదటిది చురుకుదనం. నగిస వంటింట్లోకి వస్తుండగా తలుపు చాటు నుంచి "పట్టుకో!" అని కమలాపండు విసిరాను. నగిస పక్కకి తప్పుకుంది. పండు వెళ్లి పొయ్యి మీదున్న మిసో చారులో పడింది. చారు లేచి చిజురు మీద పడింది.

"తప్పుకోవడంలో మంచి నేర్పుంది" అని కాగితం మీద రాసుకున్నాను.

"నాకు లేదని కూడా రాసుకోండి" అంది చిజురు, ఏప్రన్ పిండుకుంటూ.

తరవాత సంగీతం. ఆఫీసులో కురొబె అనే ఆయన దగ్గర పాత బాకా ఒకటుంటే అరువు తెచ్చాను. నగిస దాన్ని అటూ ఇటూ తిప్పి, గొట్టంలోకి ఒక కన్ను పెట్టి చూసి, "నాన్నా, లోపల తడి ఎక్కడికి పోతుంది?" అని అడిగింది.

"ముందు ఊదవే!"

"నువ్వు ఊదు, చూస్తా."

ఊదాను. పక్కింటి కుక్క గంటసేపు అరవడం ఆపలేదు. సాయంత్రం పక్కింటి ఇగరషి గారు బియ్యప్పిండి మిఠాయిల డబ్బా పట్టుకుని వచ్చి, గుమ్మంలో వంగి వంగి దండాలు పెట్టి, "మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదాండీ? పాపం, ఆ మూలుగు వినలేకపోయాం" అన్నారు.

చదరంగం, నీటి రంగుల బొమ్మలు, పూలు అమర్చడం, అన్నీ అయ్యాయి. పూలు అమర్చమంటే ఒక రేకు ఊడదీసి పావుగంట దాన్నే చూస్తూ కూర్చుంది. పది పరీక్షలకీ సున్నాలే. ఇక మిగిలింది టెన్నిసు.

టెన్నిసుకి గోడ కావాలి. మా పెరటి గోడ నాచు పట్టి పచ్చగా, జిడ్డుగా ఉంది. మా ఊళ్లో వాన ఎప్పుడూ కురుస్తూనే ఉంటుంది కాబట్టి నాచుకి కొదవలేదు. ఆదివారం తల్లీకూతుళ్లు బూట్లు కొనడానికి బజారుకెళ్లగానే బనీను మీద రంగంలోకి దిగాను. ఇనుప బ్రష్షుతో మూడు గంటలు గీకాను. నడుము పడిపోయింది కానీ గోడ మాత్రం కొత్త పెళ్లికొడుకులా తెల్లగా తేలింది. వాళ్లు రాగానే బ్రష్షు భుజాన పెట్టుకుని నిలబడి, "చిజురూ, ముందు ఒక ఫోటో తియ్యి!" అన్నాను. తీసింది. అదేమిటో, నవ్వకుండా తీసింది.

నగిస చేతిలో బూట్ల డబ్బా కింద పడింది.

"నాన్నా, ఇక్కడున్నదంతా ఏమైంది?"

"నాచా? గీకి చెత్త సంచిలో వేశాను. బాగుందా?"

"అది ఒక నాచు కాదు నాన్నా! ఏడు రకాలు!" రోజుకి నాలుగు మాటలు మాట్లాడని పిల్ల, ఆపకుండా మొదలుపెట్టింది. "ఆ మూల రాయి పక్కనున్నదానికి కాడలొచ్చాయి. వెంట్రుకంత కాడ, దాని చివర చిన్న కాయ, కాయ మీద టోపీ. ఆ టోపీ ఎప్పుడూడుతుందోనని పన్నెండు రోజుల్నుంచి చూస్తున్నాను. నిన్న సగం లేచింది. ఇవాళో రేపో..."

అక్కడ ఆపి, నా కళ్లలోకి చూసి అడిగింది. "నాకేమీ రాదని నీకంత భయంగా ఉందా నాన్నా?"

బ్రష్షు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

నగిస లోపలికి వెళ్లాక చిజురు నెమ్మదిగా అంది. "పది పరీక్షలు పెట్టారు కదా. పొద్దున్నే గోడ దగ్గర ఏం చూస్తున్నావమ్మా అని ఒక్కసారి అడిగారా?"

"నీకు తెలుసా?"

"అడిగాను కాబట్టి తెలుసు. క్లబ్బు కాగితం కూడా మొదటి వారమే రాసేసింది, ప్రకృతి పరిశీలన అని. సంతకానికి బదులు ఇంటి ముద్ర వేసి నేనే పంపాను."

"మరి నాకు చెప్పరేం? నేను ఈ పాట్లన్నీ పడుతుంటే!"

"మీరు ఎందాకా వెళ్తారో చూద్దామని తల్లీకూతుళ్లకి కుతూహలం. గోడ దాకా వెళ్తారని అనుకోలేదు. అది మా తప్పే."

ఆ సాయంత్రం చెత్త సంచి విప్పి పాత పేపర్ల మీద గుమ్మరించాను. పట్టకారుతో ఒక్కొక్క ముక్కా ఏరుతూ కూర్చున్నాను. చాలాసేపటికి నగిస వచ్చి పక్కన కూర్చుంది. భూతద్దం నా చేతిలో పెట్టింది.

కన్ను ఆనించి చూశాను. వేలిగోరంత ముక్కలో అడవి ఉంది. చెట్లున్నాయి, మధ్యలో దారులున్నాయి, ఒక దారిలో ఎర్రటి పురుగొకటి ఆఫీసుకి ఆలస్యమైనట్టు పరిగెడుతోంది.

"దీనికి వేళ్లు లేవేమే? నీళ్లెలా తాగుతుంది?"

"ఆకులతోనే."

"ఎండిపోతే?"

"ముడుచుకుని పడుంటుంది. వాన పడితే మళ్లీ లేస్తుంది."

"అయితే ఇది బతుకుతుందా?"

"తెలీదు నాన్నా. చూడాలి" అంది. 'ఏదో ఒకటి' అనలేదు.

పచ్చగా మిగిలిన ముక్కల్ని పిండిముద్దలాంటి మెత్తటి మట్టితో గోడకి అతికించాం. రోజూ పొద్దున్న నీళ్లు చిలకరించే శిక్ష నాకు పడింది. వాన పడిన రోజు సెలవు.

శరదృతువులో, క్లబ్బులన్నీ తమ పని చూపించే బడి పండగ వచ్చింది. మూడో అంతస్తు చివరి గదికి వెళ్లాం. ఎదురుగా పెద్ద అట్ట మీద 'ఒక గోడ మీది నాచు: నాశనం, మళ్లీ మొలకెత్తడం' అని రాసి ఉంది. దాని కింద బనీనుతో, బ్రష్షుతో, చెవుల దాకా నవ్వుతూ నేను. ఫోటో కింద రెండు ముక్కలు: 'నాశనానికి కారణం: మనిషి. మగ, నలభై ఎనిమిదేళ్లు.'

చిజురు కిటికీ వైపు తిరిగి నిలబడింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

నగిస అయితే ఎవరికో చెబుతోంది. చేతులు తిప్పుతోంది, నవ్వుతోంది, అవతలివాళ్లు అడిగినదానికి ఎదురు ప్రశ్న వేస్తోంది. ఇరవై నిమిషాలు నేను అక్కడే నిలబడి విన్నాను. ఆ గొంతు మా ఇంట్లోదేనా అని రెండుసార్లు అనుమానం వచ్చింది.

అంతలో ఒక పెద్దావిడ ఫోటో వైపూ నా వైపూ చూసి, "ఇందులో ఉన్నది మీరేనా?" అన్నారు.

కాదనబోయాను.

"మా నాన్నేనండీ" అంది నగిస దూరం నుంచే. "ఇప్పుడు రోజూ నీళ్లు చిలకరించేది కూడా ఆయనే. ఏదైనా అడగండి, చెబుతాడు."

"అలాగా! ఏడు రకాలని రాశారే, వాటి పేర్లేమిటండీ?" అన్నారు ఆవిడ.

నాలుగు గబగబా చెప్పేశాను. అయిదోది నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. నగిస వైపు చూశాను. సాయం చేయలేదు. చేతులు కట్టుకుని, ఇందులోంచి ఏం బయటికొస్తుందా అన్నట్టు కళ్లు పెద్దవి చేసుకుని నన్నే చూస్తోంది.

చిజురు ఒక కుర్చీ తెచ్చి ఆ పెద్దావిడకి వేసింది. "కూర్చోండమ్మా, ఆయనకి ఇంకాస్త టైము పడుతుంది" అంది.