చప్పుడు చేయని కిరాయి మోటారు

"ఇందుమూలంగా యావన్మంది ప్రజలకు తెలియజేయునది ఏమనగా, తక్కువ ఖర్చుతో, తక్కువ తిప్పలతో మోటారు కిరాయికి తీసుకొనుట ఎట్లో లోకానికి నేర్పుటకై, రాజ్యపు పొదుపు ఆఫీసరు రామనాథం గారు భోపాలపట్నం నుండి తర్లగూడకు స్వయంగా బయల్దేరుచున్నారు. అందరూ చూచి నేర్చుకొనవలెనహో!"

బస్తర్ ఇంకా రాజుల చేతిలో ఉన్న రోజుల్లో మా అంగడి ముందు ఈ డప్పు మోగింది. మా అంగడి ముందే ఎందుకంటే, ఊరందరికీ కలిపి ఉన్న ఒక్క మోటారు మా ఆయనది. ఆయన పేరు నేను చెప్పకూడదు. అంగడి బోర్డు మీద మాత్రం శ్రీరంగం అని ఉండేది.

అంత గొప్ప ఆఫీసరును నేను మళ్లీ చూడలేదు. వస్తూనే బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, ఉన్న గీతలన్నీ వెంట తెచ్చుకున్న గుమాస్తా, మున్షీ మంగ్లూ చేత రాయించారు. నలభై మూడు గీతలు, ఒక సొట్ట. రేపు కొత్త గీత అని నా నెత్తిన రుద్దకూడదు కదా, అన్నారు. ఆ తెలివి ముగిసేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

"కిరాయి రోజుకా, కోసు దూరానికా?"

"తమరి ఇష్టం దొరా," అన్నాడు మా ఆయన.

"కోసుకే. రోజుకైతే నేను దారిలో ఆగి తుమ్మినా మీకు లాభమే. పెట్రోలు?"

"నింపి ఇస్త. నింపి తేవాలె."

"ఖాళీగా ఇవ్వండి, ఖాళీగా తెస్తాను. డ్రైవరు?"

"తిండి భత్తా వేరే ఉంటది."

"అయితే వద్దు."

"బండికి దెబ్బ తగలకుండ కొబ్బరికాయ కొట్టిస్త దొరా. ఒక్క అణా."

"అదీ వద్దు."

"మరి బండి ఎట్ల పోతది?"

రామనాథం గారు జాలిగా నవ్వారు. "ఊళ్లు తనిఖీ చేయడానికి దౌరాకు వచ్చిన ఆఫీసరు సామానును ప్రతి ఊరూ తన పొలిమేర దాకా ఊరికే చేర్చాలని రూలుంది. ఈ మోటారు నా సామాను."

మా ఆయన అంగడి వదిలి రాలేడు కనుక బండి వెంట నన్ను పంపాడు.

ఊరి చివర సన్న అనే రైతు ఇంట్లో ఒక్క జత ఎడ్లున్నాయి. మొన్ననే తొలి వాన పడింది. పదును ఆరేలోపు విత్తనం వేయకపోతే ఆ ఏడు వాళ్లింట గింజ ఉండదు. ఆ ఎడ్లనే మోటారుకు కట్టమన్నారు.

"ఈ పొద్దు ఇత్తనం ఏసుకోవాలె దొరా," అన్నాడు సన్న.

"రాజ్యం ముందా, నీ విత్తనం ముందా?"

"ఇత్తనమే దొరా."

మున్షీ అది రాసుకోలేదు.

యాత్ర వైభవంగా సాగింది. రామనాథం గారు స్వయంగా స్టీరింగు పట్టుకున్నారు. హారను కొట్టినప్పుడల్లా ఎడ్లు బెదిరి ఆగిపోయేవి. "బ్రేకు బాగా పట్టుకుంటోందమ్మా," అని నన్ను మెచ్చుకున్నారు.

అర కోసు దూరంలో పొలిమేర దాటాం. అక్కడి నుంచి పక్క ఊరి ఎడ్లు రావాలి. డప్పు సంగతి తెలిసి ఆ ఊరు ఊరంతా ఎడ్లతో సహా అడవికి పోయింది. ఒక్క కోడి మాత్రం మిగిలింది. దాని సంగతి మున్షీ చూసుకున్నాడు.

"అయితే ఈ ఎడ్లే తర్లగూడ దాకా!" అన్నారు రామనాథం గారు.

సన్న రోడ్డు మీదే కూలబడ్డాడు. వాడి పెళ్లాం దేవే విత్తనాల బుట్ట నెత్తిన పెట్టుకుని వెనకాలే నడిచి వస్తోంది. బుట్ట దించకుండానే అడిగింది.

"ఏంది దొరా, కిరాయి కోసుకేనా?"

"కోసుకే. అది నా తెలివి."

"మరి నిలబడితె ఎంత?"

"ఏమీ లేదు."

"అట్లయితె నిలబెడితె అంత మిగులుడే గద దొరా!"

రామనాథం గారి కళ్లు చెమర్చాయి. "ఎడ్లను విప్పండి," అన్నారు.

సన్న, దేవే పరుగున పోయి పొద్దు గుంకేలోపు విత్తనం వేసుకున్నారు. ఇక్కడ దౌరా ఆగిన బండిలోనే నడిచింది.

"అమ్మా, తర్లగూడ చూశారా?"

"చూశానండి, మా మేనత్త ఊరు."

"ఎట్లా ఉంది?"

"బాగానే ఉందండి."

"రాయి మంగ్లూ. తర్లగూడ తనిఖీ చేయడమైనది. బాగున్నది."

రెండో రోజు మా ఆయన డ్రైవరుతో, పెట్రోలుతో వచ్చి బండిని తోలుకుపోయాడు. గీతలు లెక్కపెట్టారు. నలభై మూడే. కోసు నిండలేదని కిరాయి కూడా ఇవ్వలేదు.

అంతటి పొదుపు ఊరికే పోతుందా? కళ్లాలు తొక్కించే రోజుల్లో మళ్లీ డప్పు మోగింది. రామనాథం గారికి పతకం తొడగడానికి ఆయన పైఆఫీసరు బీజాపూర్ నుంచి మోటారులో దయచేస్తున్నారట. అందరం బంతిపూల దండలతో దారి పక్కన నిలబడ్డాం. దూరంగా ఎర్రదుమ్ము లేచింది. హారను వినిపించింది. చెవులు రిక్కించి విన్నాం. ఇంజను చప్పుడు లేదు.

వెనక్కి తిరిగి చూశాను. దేవే అప్పటికే ఎడ్లను అడవి దారి పట్టించింది.