తాళాల్లేని కొత్త సర్వర్

ఆ పొద్దున సర్వర్ బాబాయ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆఫీసు ఫైళ్లన్నీ పాత సర్వర్‌లోంచి కొత్తదాంట్లోకి మార్చడం, ఎవరు ఏ ఫోల్డర్ తెరవొచ్చో ఆ అనుమతులూ అలాగే దించడం, పన్నెండింటికి ఇంటికెళ్లి భోంచేయడం. ఆఫీసంతా ఆయన్ని బాబాయ్ అంటుంది, మేనేజర్ తప్ప. మేనేజర్ ముందురోజే చెప్పేశాడు: "సవ్యంగా జరిగితే ఉంటావు. లేదంటే పాత సర్వర్‌తో పాటు నువ్వూ బయటికే."

అనుమతులతో సహా అయితే ఆరు గంటలు పడుతుందని కంప్యూటర్ చూపించింది. అవి లేకుండా అయితే నలభై నిమిషాలే. ఇంటికి బావమరిది భోజనానికొస్తున్నాడు. ఆలస్యమైతే భార్య ఏమంటుందో బాబాయ్‌కి ఏ కంప్యూటరూ చూపించక్కర్లేదు. ముందు ఇల్లు మారదాం, తలుపులు తర్వాత బిగించుకోవచ్చు అనుకుని, అనుమతులు లేకుండానే ఫైళ్లు మార్చేశాడు.

పదింటికల్లా అందరి ఫోల్డర్లూ అందరికీ తెరుచుకున్నాయి. ముందు కనిపెట్టింది రిసెప్షనిస్టు. సిబ్బంది మీద మేనేజర్ రాసిన రహస్య నివేదికలో తన పేరు పక్కన 'నవ్వుతుంది, అంతకు మించి ఏమీ చేయదు' అని చదివి, ఉద్యోగంలో చేరాక మొదటిసారి నవ్వు ఆపేసి టైపిస్టును పిలిచింది.

"అక్కా, నీ గురించి ఏం రాశాడో చూడు."

"ఏం రాస్తాడే, నా మొహం."

"దాని గురించే రాశాడు."

టైపిస్టు వేలు అలవాటుకొద్దీ మీట మీద పడింది. ఒక అక్షరం చెరిగిపోయింది. అంటే చదవడమే కాదు, దిద్దడం కూడా కుదురుతుందన్నమాట. తర్వాతి అరగంటలో ఆ ఆఫీసులో ఎన్నడూ జరగనంత పని జరిగింది. రిసెప్షనిస్టు లేకపోతే సంస్థకు దిక్కు లేదని తేలింది. డ్రాయింగులు గీసే ఆయన ప్రతిభకు నాలుగు పేజీలు చాల్లేదు. కళ్లజోడు మర్చిపోయి వచ్చిన వాచ్‌మన్ తన గొప్పదనాన్ని పక్కవాళ్లకు చెప్పి రాయించుకున్నాడు. టైపిస్టు 'సహనానికి మారుపేరు' అని రాసుకుని, మిగతావాళ్ల తప్పులు కూడా విసుక్కుంటూ దిద్దిపెట్టింది.

తన నివేదిక తెరిచి ఉన్న కంప్యూటర్ చుట్టూ జనం మూగడం మేనేజర్ కంటపడింది. చదువుతున్నారని మాత్రమే అనుకున్నాడు. సర్వర్ గదిలోకి ఉరికి, వెంటనే ఆ ఫోల్డర్‌కి తాళం వెయ్యమన్నాడు, ఒక్కరిక్కూడా తెరుచుకోకూడదన్నాడు. బాబాయ్ అలాగే వేశాడు. అదే నిమిషంలో హెడ్డాఫీసు నుంచి ఫోను: నివేదిక పది నిమిషాల్లో కావాలి.

"నా ఫోల్డర్ నాకే రావట్లేదేంటయ్యా?"

"అందరికీ వెయ్యమన్నారుగా సార్."

"నేనూ అందర్లో ఒకణ్ణేనా?"

"సర్వర్‌కి ఆ తేడా తెలీదు సార్."

బాబాయ్ చెమటలు కక్కుతూ ఫోల్డర్‌ను తన అధీనంలోకి లాక్కునేసరికి తొమ్మిదో నిమిషం. రహస్యం కాబట్టి తెరవకుండా పంపమని మేనేజర్ నెత్తి మీద నిలబడ్డాడు. బాబాయ్ తెరవకుండానే పంపాడు. తన పేరు పక్కన ఏముందో చూసుకోడానిక్కూడా ఆయనకు తీరిక దొరకలేదు.

సాయంత్రానికి జవాబొచ్చింది. పందొమ్మిది మంది ఇంతటి మహానుభావులున్న చోట మేనేజర్ దండగ కాబట్టి, ఆయన్ని మారుమూల గోదాముకు మార్చారు. ఇరవయ్యోవాడి పక్కన మాత్రం 'పనికిరాడు, తీసెయ్యాలి' అని ఉందట. ఇంతమంది ఘనుల మధ్య ఒక్కడు బాగుపడకపోతాడా అని, అతనికి దగ్గరుండి పని నేర్పమని పందొమ్మిది మందినీ ఆదేశించారు.

మర్నాటి నుంచి పందొమ్మిది మందీ బాబాయ్‌కి పని నేర్పుతున్నారు. ఆఫీసులో పనిచేసేది మాత్రం ఇప్పటికీ ఆయనొక్కడే.